లేత బీడీ ఆకు

నేను బీఎస్సీ పాసయ్యాను. షోలాపూర్ భవానిపేటలో మా మగ్గాల గల్లీకి ఇదే మొదటి డిగ్రీ.

ఫలితం చూసుకోవడానికి నిన్న పుణే రైలెక్కినప్పుడు, అమ్మ బీడీలు చుట్టి చదివించిందని ఎదుటి సీటాయనతో గొప్పగా చెప్పాను. ఆయన అడవులు సర్వే చేస్తాడట. విమానం నుంచి తీసిన ఫొటో ఒళ్లో పరిచాడు.

"ఈ నల్లమచ్చ చూడు తమ్మీ. బీడీ ఆకు లేతగ రావాలని తునికి చెట్ల కింద మంటవెట్టిన్రు. ఆకు మళ్ల వచ్చింది. గని నేను నడిచి చూసిన, ఆ మంటకు టేకు మొలక ఒక్కటి మిగల్లేదు."

"మా అమ్మకు లేతాకంటేనే పానం," అన్నాను.

ఆయన తన చేతిలోని బీడీ వంక చూశాడు. "నేను తాగేది గూడ గదే," అన్నాడు.

అమ్మకు ఈ మంటల మాట చెప్పాలా వద్దా తేలడం లేదు. పాసైన కబురు పుణే నుంచి ఇంకా ఫోన్ చేసి చెప్పాల్సినవాళ్లు: మిల్లు ఆఫీసులో మామయ్య, కొంతం చౌక్ బట్టల దుకాణంలో పెద్దనాన్న, చివరగా, అమ్మను ఫోన్ దగ్గరికి పిలిపించే బీడీ కార్ఖానా గుమాస్తా.