చెప్పు అడుగున కుట్లు

1985 వసంతంలో చైనాలోని షియాన్ వెళ్ళే బృందానికి నన్ను ఎస్కార్ట్‌గా వేశారు. అప్పుడు నేను సియాటిల్‌లో ఒక ట్రావెల్ కంపెనీలో పని చేసేదాన్ని. ఎస్కార్ట్ అంటే ప్రయాణికులతో పాటు వెళ్ళి, మళ్ళీ అందరినీ తెచ్చి ఇళ్ళకు అప్పజెప్పే మనిషి. చైనాలో దిగాక వాళ్ళ ప్రభుత్వ ఏజెన్సీ గైడ్ ఒకరు మాతోనే తిరుగుతారు. ఆయన ఒప్పుకోనిదే బస్సు పక్క సందులోకి కూడా తిరగదు. ఈసారి వచ్చినాయన పేరు చెన్.

బృందంలో ఒక తెలుగావిడ ఉన్నారు, ఎస్తేరమ్మ గారు. గుంటూరులో కాలేజీలో హిస్టరీ చెప్పి, ఇప్పుడు సియాటిల్ పక్కనే బాతెల్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. చూపు పూర్తిగా పోయి పదిహేనేళ్ళు దాటింది. మా మేనేజర్ ఆవిడ బుకింగ్ తీసుకోవడానికి ఇష్టపడలేదు. చూడలేని మనిషికి చూడడానికి టికెట్టు అమ్మడం న్యాయం కాదన్నాడు. ఆ మాటను కొంచెం మెత్తగా చేసి ఆవిడకు ఫోన్‌లో చెప్పాను. ఆవిడ మాత్రం మెత్తబడలేదు.

“చైనా మొదటి చక్రవర్తి సమాధి దగ్గర తవ్వకాల్లో ఆ మట్టి సైనికులు బయటపడేసరికే నాకు కళ్ళు పోయాయి అమ్మాయ్. ఫొటో కూడా చూళ్ళేదు. హిస్టరీ చెప్పినదాన్ని, అవెలా ఉంటాయో తెలుసుకోకుండా ఊరుకోను. నువ్వు బుక్ చెయ్యి” అన్నారు. బాధ్యత నాదని మేనేజర్‌కి రాసిచ్చి బుక్ చేశాను.

షియాన్ పాత రాజధాని. మొదట కోటగోడ ఎక్కాం. ఆవిడ ఇటుకల మీద అరచేయి ఆనించి నడిచారు. అడవిబాతు పగోడా దగ్గర, మన కృష్ణ ఒడ్డుదాకా వచ్చి వెళ్ళిన చైనా యాత్రికుడు ఇక్కడే కూర్చుని మన బౌద్ధ గ్రంథాలు అనువదించాడని బృందానికి ఆవిడే చెప్పారు. అంతవరకు బాగానే ఉంది.

సైనికుల దగ్గర కథ అడ్డం తిరిగింది. వాళ్ళు పెద్ద గుంటలో బారులు తీరి ఉంటారు, మనం పైన రెయిలింగ్ దగ్గర నిలబడి చూడాలి. పక్క హాల్లో మోకాలి మీద కూర్చున్న విలుకాడు అద్దాల పెట్టెలో ఉన్నాడు. ముట్టుకోవడం ఎవరికీ కుదరదు. చెన్ గారిని అడిగాను, మ్యూజియం అధికారిని అడిగాను. ఇద్దరూ మర్యాదగా కాదన్నారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

ఎస్తేరమ్మ గారు రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. “జనం చెప్పుల చప్పుడు తప్ప ఏమీ తెలియట్లేదు అమ్మాయ్. దీనికి ఇంత దూరం రానక్కర్లేదు” అన్నారు. నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. బాధ్యత నాదని రాసిచ్చినదాన్ని నేను.

ఆ రోజుల్లో షియాన్ టూర్లలో బొమ్మల కార్ఖానా ఒకటి ఉండేది. అక్కడ ఆ సైనికులకు నకళ్ళు చేసి అమ్ముతారు. మా వాడుకలో అది షాపింగ్ స్టాప్, అంటే చూడవలసిన చోట గంట తగ్గించి కొనిపించే చోట పెట్టడం. నాకది గిట్టదు. వాళ్ళ ఏజెన్సీకి టెలెక్స్ మీద టెలెక్స్ కొట్టి, ఈ టూర్‌లోంచి దాన్ని తీయించింది నేనే. మ్యూజియం నుంచి ఊళ్ళోకి తిరిగొస్తుంటే అదే కార్ఖానా బస్సు కిటికీలోంచి కనబడింది. వాకిట్లో నిలువెత్తు సైనికులు నిలబడి ఉన్నారు. రేపు మధ్యాహ్నం అక్కడికి తీసుకెళ్ళాలని చెన్ గారిని అడిగాను. వద్దని గొడవ చేసింది మీరే కదా అన్నారాయన. ఇప్పుడు కావాలని గొడవ చేస్తున్నదీ నేనే అన్నాను.

మర్నాడు కార్ఖానా మేస్త్రీ అసలు కొలతలకే చేసిన విలుకాడి ముందుకు మమ్మల్ని తీసుకెళ్ళాడు. ఎస్తేరమ్మ గారు తల దగ్గర మొదలుపెట్టారు.

“కొప్పు ఓ పక్కకి వేసుకున్నాడే” అన్నారు. కవచం రేకులు ఒక్కొక్కటే తడిమారు. వెనక్కి మడిచిన పాదం దగ్గర చేయి ఆగింది. “చెప్పు అడుగున కుట్లు కూడా పెట్టారు అమ్మాయ్. మడమ దగ్గర ఒత్తుగా, మధ్యలో పల్చగా.”

బృందంలో ఒక రిటైర్డ్ డెంటిస్టు ఉన్నాడు. ముందురోజు అసలు విలుకాడి ఫొటోలకే ఒక రీలు ఖర్చు చేశాడు. ఆవిడ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తాను ఆ కుట్లు చూడనే లేదన్నాడు. పొద్దున్న విమానానికి ముందు మళ్ళీ మ్యూజియంకి వెళ్ళొచ్చా అని అడిగాడు. టైం లేదన్నాను. ఎస్తేరమ్మ గారు ఆయన చేయి అందుకుని కుట్ల మీద పెట్టి, తొందరపడకుండా చూడమన్నారు.

తర్వాత చాలా బృందాలను తీసుకెళ్ళాను. షాపింగ్ స్టాపులు నాకు ఇప్పటికీ గిట్టవు, వీలైనవన్నీ తీయించాను. కానీ లిస్టులోంచి కొట్టేసే ముందు ప్రతిసారీ, అది ఎవరికైనా కావాలేమో అందరినీ అడిగాను. నాకు అక్కర్లేదన్నది తీసేయడానికి కారణం కాదని ఆ కార్ఖానాలో తెలిసింది.