పోస్టుకు తగిలి వచ్చిన బంతి

కరోనా రెండో విడతలో మా ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ రాజన్న చనిపోయాడు. సూరత్‌లో మేమిద్దరం ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపేవాళ్లం. ఆ చలికాలం సూరత్‌లోనే డిండోలి అనే పేటలో ఆయన పేరున పోటీ పెట్టి, ఆయన భార్య లక్ష్మి వదినను ముందు వరుసలో కూర్చోబెట్టాం.

ఒక గోల్ వెనకబడి ఉండగా, చివరి నిమిషంలో మాకు పెనాల్టీ దొరికింది. ఎప్పుడూ రాజన్నే కొట్టేవాడు. ఆ రోజు నేను కొట్టాను. బంతి పోస్టుకు తగిలి నా కాళ్ల దగ్గరికే వచ్చింది. మళ్లీ తన్నాను. వలలో పడింది! బంతిని తీసుకుని పరుగెత్తి వదిన చేతుల్లో పెట్టాను.

"వదినా, గిది అన్న గోల్!"

ఆమె దాన్ని గుండెకు హత్తుకుని బోరున ఏడ్చింది.

అంతలో రెఫరీ వచ్చాడు. "గోల్ కాదు. పోస్టుకు తాకి వచ్చిన బంతిని వేరేటోళ్లు ముట్టకముందే, కొట్టినోడే మల్ల తన్నొద్దు. గింత ఎర్కలేదా?"

చుట్టూ నవ్వులు. వదిన కళ్లు తుడుచుకుని బంతి నాకిచ్చింది.

"తీస్కపో తమ్మీ. గిది గూడ మనది కాదట."

ఓడిపోయాం. నియమం సరైనదే, రెఫరీ తప్పేమీ లేదు. అది తెలుసుకోకుండా, పిలిచి మరీ ఆమెను నలుగురిలో ఏడిపించింది నేనే.