నా వంతు వెలుగు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కూరలు కొనుక్కుని మెట్రో మెట్ల వైపు వస్తుంటే, ఒక కోచింగ్ సెంటర్ గోడకు కట్టిన ఫ్లెక్సీ మీద ఒకప్పటి నా గది స్నేహితురాలు నవ్వుతూ కనిపించింది. పిల్లలకు ఉపన్యాసం ఇవ్వడానికి వస్తోందట. ఫోటో కింద ‘గామా విస్ఫోటాన్ని పట్టిన నాదర్‌గుల్ బిడ్డ’ అని రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు కడుపు మండింది, దాచుకోవడమెందుకు.

నక్షత్రాల పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో మేమిద్దరం మూసారాంబాగ్‌లో ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్లం. ఎక్కడో ఊహకందని దూరంలో ఒక పెద్ద నక్షత్రం కూలిపోతూ చిమ్మే గామా కిరణాలు మన గాలిని దాటి నేలకు చేరవు కనుక, పైనున్న ఉపగ్రహం వాటిని చూసి ఫలానా దిక్కున అని కబురు పంపేది. అది అందగానే మేము ఊరి బయట కొండమీది మా టెలిస్కోపును అటు తిప్పి, వెనక మిగిలిన వెలుగు ఆరిపోయేలోగా పట్టుకోవాలి. రాత్రికొకరి వంతు, ఎవరి వంతులో దొరికితే పరిశోధన పత్రంలో వారి పేరే ముందు. కబురు వచ్చినప్పుడల్లా మబ్బో, పగలో అడ్డం పడి మా ఇద్దరికీ ఏదీ దక్కేది కాదు.

అలాంటిది, ఎల్బీ నగర్‌లో మా అన్నయ్య గృహప్రవేశం సరిగ్గా నా వంతునాడే పడింది. ఆడపడుచే పాలు పొంగించాలి, అన్నయ్యకు నేనొక్కదాన్నే చెల్లెల్ని. వంతు మార్చుకుంటావా అని అడిగితే ఆమె, “నువ్వు పో అక్కా, నేను చూసుకుంట” అంది.

తెల్లవారుజామున పాలు గిన్నె అంచుదాకా వచ్చిన వేళ ఫోన్ మోగింది. “దొరికిందక్కా. జర మసకగున్నది, గానీ ఉన్నది” అంది ఆమె. నా కళ్లలో నీళ్లు చూసి వదిన, కొత్త ఇల్లు చూసి మురిసిపోతున్నాననుకుని దగ్గరికి తీసుకుంది.

ఆమె తప్పేమీ లేదు, అదే నాకు మరీ కష్టంగా ఉండేది, తిట్టుకోవడానికి వంక కూడా దొరికేది కాదు. ఆ తర్వాత జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లిళ్లున్నా నా వంతు ఎవరికీ ఇవ్వలేదు. ఒక్క వెలుగూ నా వంతులో రాలేదు.

ఇప్పుడు ఉపగ్రహం కబురు నేరుగా టెలిస్కోపుకే అందుతుందట, అదే అటు తిరిగి ఫోటోలు తీసుకుంటుందట, అక్కడ కొత్తగా చేరిన పిల్లలు పొద్దున్నే టీ తాగుతూ చూసుకుంటారట, వంతుల గొడవే లేదట. మంచిదే. కానీ ఇది నాకు దక్కాల్సిందని కుళ్లుకోవడానికి వాళ్లకు ఏముంటుంది? నాకైతే అంత ఆకాశంలో నాదంటూ మిగిలింది ఆ కుళ్లు ఒక్కటే.