బూరెకి పేపరంటే భయం

మొన్న శ్రావణమాసంలో ఒక ఉదయం, రాత్రంతా కురిసిన వాన వెలిసి నోయిడాలో మా సొసైటీ అంతా ఆవిరి కక్కుతున్న వేళ, ఆఫీసు క్యాబు కోసం కిందికి దిగుదామని లిఫ్టులో అడుగుపెట్టగానే తడిసిన కుక్క వాసన గుప్పున కొట్టింది. పై అంతస్తుల్లో ఎవరో తమ కుక్కని వానలోనే తిప్పుకొచ్చినట్టున్నారు. సరిగా తుడవని బొచ్చు వాసన, దాంతోపాటు కుక్కలకి శిక్షణ ఇచ్చేవాళ్ళు నడుముకి కట్టుకునే సంచీలోంచి వచ్చే ఎండు మాంసం ముక్కల వాసన కలిసి ఆ ఇనుప పెట్టెలో నిలిచిపోయాయి. నా పక్కనున్న ఆంటీ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గట్టిగా పీల్చాను. లిఫ్టు కిందికి చేరేలోపు నేను నాలుగో క్లాసు పిల్లనైపోయాను.

అప్పట్లో మేము దక్షిణ ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. పసుపు సున్నం వేసిన గోడలు, ఒకే మెట్ల మీదకి తెరుచుకునే నాలుగు గుమ్మాలు, వెనకాల బట్టలారేసుకునే చిన్న బాల్కనీ. ఎండాకాలం వడగాలి కొడుతుంటే కూలరు గడ్డి తడిసి ఒక మట్టి వాసన ఇల్లంతా పరుచుకునేది. చలికాలం మధ్యాహ్నాలు ఆంటీలందరూ డాబా ఎక్కి, ఎండకి వీపులిచ్చి కూర్చుని, పచ్చి బఠానీలు ఒలుస్తూ కబుర్లు చెప్పుకునేవారు. హోలీ వెళ్ళగానే అమ్మ అదే డాబా మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టేది, ఆ పంజాబీ ఆంటీలు చుట్టూ చేరి "అచ్ఛా, యే పాపడ్ హై క్యా?" అని ఏటా అదే ప్రశ్న వేసేవారు. సాయంత్రమైతే మేము పిల్లలం కింద పిట్ఠూ ఆడేవాళ్ళం, అదే మన ఏడు పెంకులాట. అమ్మ బాల్కనీలోంచి తెలుగులో పిలిస్తే నేను హిందీలో జవాబిచ్చేదాన్ని, నా స్నేహితులు నవ్వుతారని.

అలాంటి ఒక వానాకాలం సాయంత్రమే మెట్ల కింద తడిసి ముద్దైన కుక్కపిల్ల దొరికింది. గోధుమ రంగుది కాబట్టి కాలనీ పిల్లలు భూరీ అన్నారు. అప్పుడే కాకినాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అమ్మమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "బూరెటే? కుక్కకి బూరె అని పేరేంటే, చోద్యం కాకపోతే!" అంది. బాగా వేగిన బూరె రంగే దానిది. ఆ పేరే నిలిచిపోయింది.

పిల్లగా ఉన్నన్నాళ్ళూ అది చేసినవన్నీ ముద్దుగానే ఉండేవి. కాళ్ళు సాగి, మెడ బలిశాక అవే పనులు మాకు తలవంపులయ్యాయి. బెల్లు మోగితే చాలు, గోడలు అదిరేలా మొరిగేది. వచ్చినవాళ్ళ భుజాల మీదకి ముందు కాళ్ళెత్తి ఎగిరేది. ఎదురింటివాళ్ళ చెప్పులు ఎత్తుకొచ్చి మా మంచం కింద నమిలేది. నాన్న వాటన్నిటికీ ఒకటే మందు వేసేవారు. ఆయన ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. ఇస్త్రీ మడత నలగనివ్వని మనిషి. పొద్దున్నే స్టీలు గ్లాసులో కాఫీ, ఇంగ్లీషు పేపరు ఆయన ముందుండాలి. చదవడం అయ్యాక అదే పేపరుని బిగించి చుట్టి టీపాయ్ మీద పెట్టుకునేవారు. బూరె మొరిగితే నేల మీద ఒకటి, ఎగిరితే మూతి మీద ఒకటి. "భయం లేనిదే బుద్ధి రాదు," అనేవారు. ఆ మాట నా లెక్కల మార్కులకీ, అమ్మ వంటకీ, ఆదివారం భోజనానికొచ్చే మా శీను మావయ్యకీ కూడా వర్తించేది.

శీను మావయ్య అమ్మకి తమ్ముడు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కిటికీ లేని గదిలో ఉంటూ సివిల్స్‌కి చదివేవాడు, అప్పటికే రెండుసార్లు తప్పాడు. వస్తూ వస్తూ కరోల్ బాగ్‌లో దిగి నాకు జామకాయలు, అమ్మకి కరివేపాకు తెచ్చేవాడు. నాన్న తలుపు తీసి "ఏరా, ఎంతవరకొచ్చింది?" అని అడగ్గానే అతని మొహంలో నవ్వు ఆగిపోయేది. ఆ తర్వాత కంచంలోకి చూస్తూనే తినేవాడు.

ఆ ఏడు ఉగాదికి నాన్న తన పై అధికారిని, ఆయన భార్యని భోజనానికి పిలిచారు. వాళ్ళూ తెలుగువాళ్ళే. అమ్మ ముందురోజు నుంచే వంటింట్లో ఉంది. మామిడికాయ పులిహోర, పెరుగు గారెలు, పూర్ణాలు. బ్లాకు వెనక చెట్టు దగ్గర వేపపువ్వు ఏరుకొచ్చే పని నాది. బూరెని వెనక బాల్కనీలో కట్టేశాం. అధికారిగారి భార్య లోపలికొచ్చి, "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారండీ ఇల్లు," అని సోఫాలో కూర్చోబోతుండగా, తాడు కొరికేసుకున్న బూరె దూసుకొచ్చి రెండు కాళ్ళూ ఆవిడ గద్వాల చీర మీద వేసింది. అంచు దగ్గర ఒక పోగు సర్రున లేచింది.

నాన్న పేపరు అందుకున్నారు.

"పోనీండి అన్నయ్యగారూ, ఆడుకుందామనొచ్చింది," అన్నారావిడ. ఆయన ఆగలేదు. బూరె నేలకి అంటుకుపోయి, చెవులు వెనక్కి పెట్టి, తోక పొట్ట కిందికి దోపుకుంది. ఆవిడ రెండోసారి "వద్దండీ" అన్నారు. ఈసారి ఆ గొంతులో బతిమాలడం లేదు, ఇలాంటి ఇంటికా మనం పండగ భోజనానికొచ్చాం అన్నట్టుంది. బూరె కింద తడి మొదలై, మొజాయిక్ గచ్చు మీద పాకి, అధికారిగారి మేజోళ్ళ దాకా వెళ్ళింది. నేను ఉగాది పచ్చడి గిన్నెలు పళ్ళెంలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. చెవులు కాలిపోతున్నాయి. మొదట బూరెని చూసి సిగ్గేసింది. తర్వాత నాన్నని చూసి వేసింది. ఆయన జుట్టు నుదుటి మీద పడి ఉంది, రొప్పుతున్నారు. అలాంటి నాన్నని బయటివాళ్ళు చూడటం నేను భరించలేకపోయాను. వాళ్ళు పూర్ణాలు తినకుండానే, ఇంకెక్కడికో వెళ్ళాలని చెప్పి లేచిపోయారు.

ఆ రోజు నుంచీ పేపరు గలగలమంటే చాలు, బూరె మంచం కిందికి దూరి తడిపేసేది. పాపం, నాన్న చదువుకోడానికి విప్పినా అంతే. ఒకసారి కింది ఇంటి అంకుల్ కరెంటు బిల్లు గురించి మాట్లాడటానికొచ్చి, అది చూసి, "అరే భాయ్ సాహబ్, యే తో అఖ్‌బార్ సే డర్తీ హై!" అని, పేపరుకి భయపడే కుక్కని ఎక్కడా చూడలేదన్నట్టు పగలబడి నవ్వాడు. నాన్న నవ్వబోయారు, రాలేదు. మర్నాటి నుంచి పేపరు బాల్కనీలో నిలబడి, తలుపు వేసుకుని చదవడం మొదలుపెట్టారు. సొంత ఇంట్లో దొంగలాగా.

దాన్ని బాగుచెయ్యడానికి పూనుకున్నది మావయ్య. ఎండాకాలం సెలవుల్లో ప్రతి ఆదివారం వచ్చి, అట్టు చిన్న చిన్న ముక్కలు చేసి జేబులో వేసుకునేవాడు. బూరె ఎగిరితే తిట్టడు, కొట్టడు. స్తంభంలా అటు తిరిగి నిలబడతాడు. నాలుగు కాళ్ళూ నేలకి ఆనిన క్షణంలో "భలే!" అంటాడు, వెంటనే ముక్క పెడతాడు. బెల్లు కొట్టే పని నాకిచ్చాడు. నేను బయటినుంచి బెల్లు నొక్కగానే అతను మూలనున్న పాత చాప మీద ముక్కలు వేసేవాడు. కొన్నాళ్ళకి బెల్లు మోగితే బూరె గుమ్మానికి బదులు చాప దగ్గరికి పరిగెత్తి కూర్చుని, మావయ్య మొహంలోకి చూడటం మొదలుపెట్టింది. మొరగడం మర్చిపోయిందని కాదు, మొరగడం కంటే మంచి పని దానికి దొరికింది. నమలడానికి దానికంటూ ఒక కొబ్బరి డొక్క ఇచ్చాక చెప్పుల గొడవా తగ్గింది.

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావురా?" అని అమ్మ మురిసిపోతూ అడిగింది.

"ఫోన్లో వీడియోలుంటాయక్కా. చదివి చదివి బుర్ర వేడెక్కినప్పుడు చూస్తుంటాను."

నాన్న పక్క గదిలోంచే అందుకున్నారు. "ఐయేఎస్‌కి చదవమని పంపిస్తే కుక్కల చదువు చదువుతున్నావన్నమాట!"

మావయ్య తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే మెల్లిగా అన్నాడు. "బావగారూ, మిగతావి నేను మాన్పించగలను. పేపరు భయం మాత్రం మీవల్లే పోవాలి. మీరు పేపరు పట్టుకుని దూరంగా కూర్చుని, అది చూసినప్పుడల్లా ఒక ముక్క వెయ్యాలి. కాస్త కుదుటపడ్డాక కొంచెం దగ్గరికి."

"సర్వీసులో ఒకళ్ళ దగ్గర తీసుకోలేదు, ఒకళ్ళకి ఇవ్వలేదు. ఇప్పుడు కుక్కకి లంచమివ్వాలా?"

"జీతమనుకోండి బావగారూ. పని చేశాక ఇచ్చేది లంచం కాదు కదా."

నాన్న పేపరు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. దసరా వెళ్ళింది, దీపావళి టపాకాయల పొగ కాలనీ మీద దుప్పటిలా పరుచుకుని విడిపోయింది. మార్గశిరంలో ఒక పొద్దున, పాలవాడు ఇంకా రాకముందే నాకు మెలకువొచ్చింది. ముందు గదిలో లైటు వెలుగుతోంది. నాన్న మంకీ క్యాపు పెట్టుకుని, శాలువా కప్పుకుని, చల్లటి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో పేపరు, చేతిలో రాత్రి మిగిలిన చపాతీ ముక్కలు. మంచం కిందినుంచి బూరె మూతి మాత్రం కనిపిస్తోంది. ఆయన పేపరు అంచు కొద్దిగా కదిపి, ఒక ముక్క విసిరి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "భలే" అన్నారు. ఆ మాట ఆయన నోట్లో కొత్తగా, మూలన పెట్టిన కుర్చీలా కిర్రుమంది. బూరె ముక్క తిని మళ్ళీ లోపలికి పోయింది. ఆయన మళ్ళీ కదిపారు.

నేను చప్పుడు చెయ్యకుండా పక్క మీదికి వచ్చి రజాయి ముసుగేసుకున్నాను. చూడకూడనిది చూసినట్టనిపించింది. ఆ "భలే" నా వైపు ఎప్పుడూ రాలేదు. కుక్క మీద అసూయపడుతున్నానని తెలిసి, ముసుగులోనే మొహం దాచుకున్నాను.

చలి తగ్గేసరికి బూరె పేపరు చదివే గదిలోనే చాప మీద పడుకోగలిగింది. పేజీలు తిరగేస్తే కన్ను తెరిచి, మళ్ళీ మూసేది. అయితే పేపరు చుడితే మాత్రం లేచి వెళ్ళిపోయేది. ఆ భయం పూర్తిగా ఎప్పుడూ పోలేదు.

ఆ ఏడు మావయ్య మెయిన్స్ దాకా వెళ్ళాడు. ఫలితాలొచ్చిన వారంలో, ఫాల్గుణమాసపు ఆదివారం, చేతిలో ఏమీ లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బెల్లుకి బూరె బుద్ధిగా చాప మీద కూర్చుని అతని వైపు చూసింది. అతను దాన్ని చూడలేదు.

"రాలేదు బావగారూ," అన్నాడు.

నాన్న మొదలుపెట్టారు. ఊళ్ళో మీ నాన్నకి ఏం చెప్పాలి, నీ తోటివాళ్ళు ఎక్కడున్నారు, కుక్కలతో ఆడుకుంటే ఉద్యోగాలొస్తాయా. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. మావయ్య గోడకి ఆనుకుని, భుజాలు లోపలికి ముడుచుకుని, కిందకి చూస్తున్నాడు. అంతలో బూరె చాప మీదినుంచి లేచింది. పొట్ట నేలకి రాసుకుంటూ మంచం కిందికి వెళ్ళిపోయింది. వెళ్ళిన దారంతా తడి గీత.

నాన్న మాట మధ్యలో ఆగిపోయింది. ఆ గీతని చూశారు, తర్వాత తన చేతిని చూసుకున్నారు. తిడుతూ తిడుతూ ఎప్పుడు చుట్టారో, పేపరు బిగించి చుట్టి పిడికిట్లో ఉంది. మావయ్య కళ్ళు కూడా దాని మీదే ఉన్నాయి.

ఆయన దాన్ని విప్పారు. ముడతలు పోయేలా అరచేత్తో రాసి టీపాయ్ మీద పరిచారు. "శీనూ," అని పిలిచారు. పెదవులు కదిలాయి. మేమందరం ఎదురుచూశాం. ఏ మాట వస్తే బాగుండునో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. రాలేదు. చివరికి అమ్మ వైపు తిరిగి, "వాడికి రెండు వడియాలు ఎక్కువ వేయించు," అని, గుడ్డ తెచ్చి, ఆ తడి తానే తుడవడం మొదలుపెట్టారు. మావయ్య గబగబా వచ్చి గుడ్డ అందుకోబోతే ఇవ్వలేదు.

ఆ ఎండాకాలమే మావయ్య ఢిల్లీ వదిలి వెళ్ళిపోయాడు. కాకినాడలో పిల్లలకి పాఠాలు చెబుతున్నాడు. అతని క్లాసులో ఎవరూ భయపడరని, అందుకే జనం క్యూ కడతారని అమ్మ గర్వంగా చెబుతుంది. బూరె నేను డిగ్రీ చదివేటప్పుడు ముసలితనంతో చనిపోయింది.

మొన్న దసరా సెలవుల్లో నాన్న నా దగ్గరికి వచ్చినప్పుడు, పాత కాలనీ చూసొద్దామంటే తీసుకెళ్ళాను. కాలనీ లేదు. క్వార్టర్లన్నీ కూల్చేసి టవర్లు కడుతున్నారు. చుట్టూ రేకుల కంచె, లోపల క్రేన్లు, సిమెంటు దుమ్ము. మా డాబా, వేపచెట్టు, ఆంటీల పచ్చి బఠానీల ఎండ, పిట్ఠూ రాళ్ళు పేర్చిన చోటు, ఏది ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి ఒక్క గోడ కూడా మిగల్లేదు. నాన్న కంచె పక్కన చాలాసేపు నిలబడ్డారు.

"మీ పిన్ని కూతురి పెళ్ళిలో శీనుని చూశాను," అన్నారు ఉన్నట్టుండి. "తల సగం నెరిసింది. నేను గదిలోకి రాగానే లేచి నిలబడ్డాడు. పలకరిస్తే బానే మాట్లాడాడు. కానీ నా మొహంలోకి చూడడమ్మా. గమనించావా?"

నేను గమనించాను, ఎన్నో ఏళ్ళుగా. కంచె మీద అంటించిన టవర్ల బొమ్మని చూస్తూ నిలబడ్డాను. ఆ బొమ్మలో పచ్చగడ్డి మీద నడుస్తున్న వాళ్ళని ఒక్కొక్కళ్ళనే చూస్తూ ఉండగా తెలిసింది, నేను కూడా ఆయన మొహంలోకి చూడటం లేదని. తల తిప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అప్పటికి ఆయన కిందకి చూస్తున్నారు.