ఖురయ్యాత్ చలిలో ఏసీ మెకానిక్

సౌదీ దక్షిణాన జీజాన్‌లో మా కంపెనీ సౌదీలను సరిపడా పెట్టుకోలేదు, పరదేశీలమైన మా మీద లెవీ పన్ను కట్టలేకపోయింది. స్థానికులకు ఎన్ని కొలువులిచ్చారో చూసే నితాకత్ లెక్కలో ఎరుపులో పడింది. ఇక మా ఇకామాలు, అంటే ఇక్కడ ఉండే అనుమతులు, రెన్యువల్ కావు. మాకు పూచీ పడి పని ఇచ్చే కొత్త కఫీల్ దొరక్కపోతే జగిత్యాలకు తిరుగుటపా తప్పదు.

ఉత్తరాన జోర్డాన్ సరిహద్దు దగ్గరి ఖురయ్యాత్‌లో ఏసీ మెకానిక్ కావాలని తెలిసింది. జనవరిలో బస్సు మీద రియాద్ చేరి, సాయంత్రం రైలెక్కాను. ఈ దారిన వెళ్లేవాళ్లు టికెట్ ముందే కొనుక్కోండి. నా సామానల్లా రెండు పల్చటి చొక్కాలు, పనిముట్ల సంచి. జీజాన్‌లో చలికాలంలోనూ ఏసీ ఆపరు. సౌదీ అంతా అంతే అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

క్యాంటీన్ పెట్టెలో టీ తాగుతుంటే మేరీ అనే నర్సు పలకరించింది. కాకినాడ ఆవిడ, దారిలో వచ్చే జౌఫ్‌లో ఉద్యోగం.

"ఏంటి తమ్ముడూ, స్వెట్టర్ లేకుండా ఖురయ్యాతా? అక్కడ నీళ్లు గడ్డ కడతాయి."

"సౌదీల గింత సలి ఉంటదని నాకేమెర్క అక్కా."

తెల్లవారి జౌఫ్‌లో దిగుతూ కొత్త స్వెట్టర్ ఒకటి నా చేతిలో పెట్టింది. "మా ఆయనకని కొన్నాను. కాకినాడ ఉక్కలో ఆయనేం చేసుకుంటాడు? వేసుకో." నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అక్కడి నుంచి నల్లరాళ్ల బీడే తప్ప ఊరు కనిపించలేదు. ఎనిమిది దాటాక ఖురయ్యాత్‌లో దిగితే, స్టేషన్ బయట గుంటలో నీళ్లు నిజంగానే గడ్డకట్టి ఉన్నాయి. ఈ చలిలో ఏసీ మెకానిక్‌తో ఎవరికేం పని?

మెకానిక్ కావాలన్న కఫీల్ పెద్దాయన, స్వయంగా పికప్‌లో వచ్చాడు. కూలీల దగ్గర నేర్చిన హిందీలో అడిగాడు: "హీటర్ మాలూమ్?"

అబద్ధమాడితే ఉద్యోగం, నిజం చెబితే ఇంటిదారి. "నహీ బాబా, ఏసీ మాలూమ్. సీఖూంగా," నేర్చుకుంటానన్నాను.

ఆయన నవ్వి, ఇంటికి తీసుకెళ్లి గవా కాఫీ పోసిచ్చాడు. ఇంతకుముందు అన్నీ తెలుసని వచ్చినవాళ్లు ఇద్దరు ఈ చలికి, ఈ ఒంటరితనానికి తట్టుకోలేక నెల తిరక్కుండా వెళ్లిపోయారట. ఎండాకాలం ఏసీలు చూసుకో, చలికాలం హీటర్లు నేర్చుకో, కానీ ఉండిపో అన్నాడు. కఫాలా మార్పుకు, అంటే నా పూచీ తన పేరు మీదికి మార్చుకోడానికి, ఆ రోజే ఒప్పుకున్నాడు.

జీజాన్‌లో కాగితాల పని చూసుకోడానికి మర్నాడు పొద్దున తిరుగు బస్సు. సకాకా దగ్గర ఆలివ్ తోటలు, ఆపైన నఫూద్ ఎర్ర ఇసుక, తర్వాత హాయిల్ కొండలు. దక్షిణానికి వచ్చేకొద్దీ ఊళ్లు దగ్గరపడ్డాయి, చలి పలచబడింది. హాయిల్‌లో ఆగినప్పుడు ఇంటికి ఫోన్ చేశాను.

"ఉంచుకుంటడా, పంపిస్తడా?" మా ఆవిడ మొదటి మాటే అది.

"ఉంచుకుంటడు, ముసలాయన మంచోడు. మంది నిండిన కాడ నేనెక్కువైన. గక్కడ మనిషే కరువు."



"ఆ ముసలాయన కడుపు సల్లగుండ," అంది.