రెండించుల పైపు సగం కాదు

మా లెక్కల సారు పోయారు. హిందూపురం ఆసుపత్రి నుంచి వ్యానులో తెచ్చి ఇంటి ముందు పడుకోబెట్టారు. స్నానం చేయించడానికి నీళ్లు లేవు. ఆయన్ని అవమానించడానికి ఇంతకంటే తగిన దారి ఈ ఊరికి దొరికేది కాదు.

నాకు ధర్మవరంలో పాఠం చెప్పారు. ఉద్యోగాలు ముగిశాక పెనుకొండ దగ్గరి మా ఊరిని ఆనుకుని కొత్తగా వెలిసిన కొట్టాలలో పక్కపక్క ఇళ్లవాళ్లమయ్యాం. గుండ్రంగా ఏది కనబడినా అడ్డంగా జాన పెట్టి కొలిచేవారు. హిందూపురం హోటల్లో దోసెనూ వదలలేదు. “జానెడువి రెండెందుకప్పా? జానెడున్నరది ఒకటి చెప్పు. అదే పెద్దది,” అనేవారు. సర్వరు నవ్వేవాడు. లెక్క మాత్రం సరిగ్గానే ఉండేది.

ఊళ్లో నీళ్ల ట్యాంకు కట్టినప్పుడు పాత ఊరికి నాలుగించుల పైపు వేశారు. కొట్టాలలో జనం అందులో సగం. కాబట్టి మాకు రెండించుల పైపు చాలన్నాడు గ్రామసభలో అప్పటి ప్రెసిడెంటు. సారు లేచారు. “సగం అడ్డకొలతకు సగం నీళ్లు రావప్పా. పావే వస్తాయి.”

నమ్మించడానికి ఒకే ఎత్తున కోసిన పైపు ముక్కలు తెచ్చారు. పెద్దదాంట్లో చిన్నవి పెట్టి చూపారు. రెండే పట్టాయి. ప్రెసిడెంటు చప్పట్లు కొట్టాడు.

“ఏం సారూ, నువ్వే చూపిస్తివి కదా! రెండు పట్టినాయి. అంటే ఒకటి సగమే కదా?”

“సారుకు వయసైపోయినాది, లెక్క మర్చిపోయినాడు,” అన్నారెవరో. అందరూ నవ్వారు.

“ఆ పక్కా ఈ పక్కా సందులుండాయి, చూడండప్పా! నీళ్లు సందుల్ని ఖాళీగా పెట్టవు,” అంటూ సారు రాగులు తెప్పించారు. చిన్నదానితో నాలుగుసార్లు పోస్తే గాని పెద్దది నిండలేదు. అది నిండేసరికి అక్కడ నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

తర్వాత మోకాళ్లు మొరాయించేదాకా పెనుకొండ ఆఫీసుకు తిరిగారు. అక్కడ అందరూ ఆయన చెప్పింది నిజమేనన్నారు. ఎవరూ పైపు మార్చలేదు. కొట్టాలలో ఇళ్లు ఒక్కొక్కటే తాళాలు వేసుకుని బెంగళూరు పోయాయి. సారు భార్య చివరిదాకా పొలం బోరు నుంచి బిందెలు మోసి మోసి పోయింది. ఆ తర్వాత ఆయన పైపు మాట ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, “అడ్డకొలత రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు. మనం ఓడిపోయినంత మాత్రాన అది మారదు లేప్పా,” అన్నారు. ఆయనకు అది ఊరట. నాకు కాదు. ఇన్ని పుస్తకాలు చదివాను. నిజం చివరికి గెలుస్తుందని రాసినవాళ్లెవరూ మా కొట్టాలలో కాపురం చేయలేదు.

సారును పడుకోబెట్టిన కాసేపటికి ఆ ప్రెసిడెంటే వచ్చాడు. “మా ఊరికి పేరు తెచ్చిన మనిషి సారు,” అంటూ ఫోన్లకు ఎదురుగా నిలబడి సారు కాళ్ల మీద పెద్ద పూలచక్రం పెట్టాడు. నేను జాన పెట్టి చూశాను. మేము తెచ్చిన చక్రానికి అడ్డంగా రెండింతలు. అంటే నాలుగింతల పూలు. వాడిపోకుండా వాటికి నీళ్లు కూడా బాగా చల్లి తెచ్చారు.

పెరట్లో కొళాయి కింద బిందె పెట్టి ఉంది. నీళ్లు దారంలా పడుతున్నాయి. అది నిండేదాకా సారు చుట్టూ కూర్చున్నాం. ఆ పూల నుంచి ఒక్కొక్క చుక్కే జారి, ఇంకా కడగని ఆయన పాదాల మీద పడుతూ ఉంది.