గొంగడి దులిపిన చప్పుడు

తెలంగాణ వచ్చిన ఏడాదే నా పెండ్లి అయింది. ఇష్టం లేదని ఎంత ఏడ్చినా మా నాయిన వినలేదు, మక్తల్ దిక్కు గొర్లకాపరికి ఇచ్చి చేశాడు. అత్తకూ నేను నచ్చలేదు.

"గొర్ల వాసనకు ముక్కు మూస్కునే పిల్ల మనింట్ల ఏం బతుకుతదిరా?" అని నా ముందే కొడుకును అడిగింది.

మొదటి రోజు భయంతో గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఆయన తలుపు కొట్టలేదు. వాకిట్లో గొంగడి దులిపి, "నేనే. నీకు మనసైతెనే తియ్యి," అన్నాడు. ఎన్ని దినాలు అరుగు మీద పడుకున్నాడో! నేను తలుపు తీశాక కూడా ఆ అలవాటు పోలేదు. మంద వెంట నెలల కొద్దీ తిరిగి వచ్చినా, గొంగడి దులిపి నేను తీసేదాకా నిలబడేవాడు.

"నీ ఇంటికి నువ్వే చుట్టమైనవేందిరా?" అని అత్త తిట్టేది. ఆయన నవ్వేవాడు.

పిడుగు పడి ఆయన పోయాడు. ఆ గొంగడి కప్పే మట్టి చేశాం. దినాలైన సాయంత్రం మా అన్న నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు.

"తీస్కపో," అంది అత్త.

నేను మూట కట్టుకుంటుంటే, మూసిన తలుపు అవతల గొంగడి దులిపిన చప్పుడైంది. నాకొక్కదానికే వినిపించిందనుకున్నాను. అత్త లేచి నిలబడింది.

"వాడొచ్చిండు. నువ్వు తీస్తెనే లోపలికొస్తడు. తియ్యి బిడ్డా."

తీశాను. వాకిట్లో ఎవరూ లేరు. అయినా అత్త దారిచ్చి పక్కకు జరిగింది.

మా అన్న ఒక్కడే తిరిగి పోయాడు.